సమ్మతి పత్రం

జనవరి 14, సోమవారం

ఈ సెమిస్టరులో శిక్షణకి వెళ్ళేవాళ్ళందరూ ఒక నోటు పుస్తకం పెట్టుకుని రాసుకోవాలట. మా లెక్చరరు బోల్యూ గారి మాట. తాను చదవరట, మార్కులూ లేవట. అక్కడ విన్నది ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు కాబట్టి ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా అన్నారు.

సరే, దించుకోవడానికి ఇంకా ఏమీ లేదు. పందొమ్మిదేళ్ళు బడి వంటగదిలో పని చేశాను. బడిని పక్క ఊరి బడిలో కలిపేశాక ఈ కమ్యూనిటీ కాలేజీలో, మత్తుకి అలవాటుపడ్డవాళ్ళకి సలహా ఇవ్వడం నేర్పే బిహేవియరల్ హెల్త్ కోర్సులో చేరాను. నలభై ఆరేళ్ళు నాకు. పక్క కుర్చీలో కూర్చునే కెర్స్టిన్‌కి ఒకప్పుడు నేను గరిటెతో బంగాళాదుంపలు వడ్డించాను. ఇప్పటికీ నన్ను "మిసెస్ లెహ్తో" అనే పిలుస్తుంది. నోట్సు మాత్రం నా దగ్గరే తీసుకుంటుంది.

జనవరి 17, గురువారం

బర్చ్ పాయింట్‌లో మొదటి రోజు. ఇక మీద ప్రతి మంగళవారం, గురువారం అక్కడే. మత్తు మానడానికి వచ్చినవాళ్ళు ఇరవై ఇద్దరు ఉన్నారు. సగం మంది కోర్టు పంపితే వచ్చినవాళ్ళు, తొంభై రోజులు ఉండాలి. రోగి అనకూడదు, పేరు పెట్టి పిలవాలి.

నన్ను చూసుకునే ఆవిడ నాడీన్ పెల్కీ. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, నవ్వదు. గంటసేపు ఒకటే విషయం చెప్పింది. లోపల ఎవరున్నారో బయట ఎవరికీ చెప్పకూడదు. కన్నతల్లి ఫోన్ చేసి ఏడ్చినా, ఆ పేరు గలవాళ్ళు ఉన్నారనీ చెప్పకూడదు, లేరనీ చెప్పకూడదు. వాళ్ళంతట వాళ్ళు సమ్మతి పత్రం మీద సంతకం పెడితే, అందులో ఎవరి పేరు రాశారో వాళ్ళకి మాత్రం చెప్పవచ్చు.

బాగా తెలిసినవాళ్ళే లోపల కనిపిస్తే ఏం చెయ్యాలని అడిగాను.

"అదే రోజు, అదే గంటలో నాకు చెప్పాలి. మిమ్మల్ని ఇంకో చోటికి మారుస్తాను. తప్పేమీ కాదు. చెప్పకపోతేనే తప్పు."

కాగితం మీద సంతకం పెట్టించుకుంది.

జనవరి 20, ఆదివారం

నా మేనకోడలు ఆన్నెలి, మా ఆన్నీ, పొద్దున్నే స్కీలు తీసుకుని అడవి దారిలోకి వెళ్ళింది. వచ్చేసరికి రెప్పల మీద మంచు. నేను చేసిన ఏలకుల రొట్టె సగం తినేసింది. పదిహేనేళ్ళ పిల్లలు ఇంత తింటారని మరిచిపోయాను. మూడు వందల మందికి వండినప్పుడు ఒక్కొక్కరు ఎంత తింటున్నారో కనపడదు.

మార్చి 14న కోర్టు వాయిదా. ఆ రోజు సంరక్షణ హక్కు నాకు శాశ్వతంగా ఇస్తారు. ఇవ్వాలి. అక్టోబరులో దానికి అపెండిక్స్ వచ్చి మెలికలు తిరిగిపోతుంటే, సంతకం పెట్టడానికి మీరెవరని ఆసుపత్రిలో అడిగారు. మేనత్తనన్నాను. మేనత్త సరిపోదన్నారు. విస్కాన్సిన్‌లో ఉన్న వాళ్ళమ్మ ఫోన్‌లో దొరికేసరికి రెండు గంటలు పట్టింది.

దరఖాస్తులో "తండ్రి ఆచూకీ" అన్న గడి ఉంది. తెలియదు అని రాసి ప్రమాణం చేశాను. నిజమే కదా. నా తమ్ముడు రాయిస్ కనపడక మూడేళ్ళు అయింది. గనిలో నడుం విరిగింది, డాక్టరు మాత్రలు ఇచ్చాడు, ఆ మాత్రలు ఆగిపోయాక ఇంకేవో మొదలుపెట్టాడు. ఒక రోజు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడుపుతూ నిద్రలోకి జారి కాలవలోకి దింపేశాడు. పిల్ల తనంతట తను తలుపు తీసుకుని రోడ్డెక్కి సాయం పిలిచింది. పన్నెండేళ్ళు దానికి అప్పుడు. మర్నాడు రెండు జతల బట్టలతో నా దగ్గర దింపి, ఆదివారం వస్తానన్నాడు.

జనవరి 29, మంగళవారం

రాయిస్ అక్కడ ఉన్నాడు.

జనవరి 30, బుధవారం

నిన్న రాయలేకపోయాను.

భోజనాల గదిలో పళ్ళేలు సర్దుతుంటే వరసలో నిలబడ్డాడు. ముందు చేతులు చూశాను. ఎడమ చేతి మీద, చిన్నప్పుడు నాన్న రంపం మీద పడి తెచ్చుకున్న మచ్చ. తర్వాత మొహం. బాగా చిక్కిపోయాడు. పై పన్ను ఒకటి లేదు. వాడూ నన్ను చూశాడు. సూప్ పోశాను, థాంక్స్ అని వెళ్ళి కూర్చున్నాడు. వేరే జిల్లా జైలు నుంచి సోమవారం తెచ్చారట. బోర్డు మీద "రాయిస్ కె." అని మాత్రమే ఉంటుంది. నా ఇంటి పేరు పెళ్ళితో మారింది. ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

భోజనాలయ్యాక నాడీన్‌కి చెబుదామనుకున్నాను. ఆమె ఫోన్‌లో ఉంది. తర్వాత మీటింగు. తర్వాత నా సమయం అయిపోయింది.

గురువారం చెబుతాను.

ఇంటికి వచ్చేసరికి ఆన్నీ గణితం చేసుకుంటోంది. ఇవాళ ఎలా ఉందని అడిగింది. మామూలే అన్నాను.

జనవరి 31, గురువారం

బట్టలుతికే గదిలో దుప్పట్లు మడత పెడుతుంటే వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, నువ్విక్కడ పని చేస్తున్నావా?"

చదువుకుంటున్నానని చెప్పాను. వాడికి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. మరుక్షణం వాడు ఏడ్చాడు. నేను దుప్పటి మడత పెడుతూనే ఉన్నాను. ఆన్నీ ఎలా ఉందన్నాడు. బాగుందన్నాను. స్కీ జట్టులో ఉందని చెప్పాను. ఎంత పొడుగైందని అడిగితే చేత్తో చూపించాను.

తనెవరో ఇక్కడ ఎవరికీ తెలియకపోతే మంచిదా అని అడిగాడు. తెలిస్తే నన్ను ఇంకో చోటికి మార్చేస్తారని చెప్పాను. అయితే చెప్పకు అన్నాడు.

అది వాడు అడిగింది. వాడి కోరిక. మొదటి వారాల్లో నమ్మకం కుదిరిన మనిషి దగ్గర ఉండడం ఎంత ముఖ్యమో మా పాఠ్యపుస్తకం రెండో అధ్యాయంలో ఉంది.

ఫిబ్రవరి 5, మంగళవారం

తనిక్కడున్న సంగతి ఆన్నీకి చెప్పావా అని అడిగాడు. చెప్పకూడదన్నాను. చట్టం అన్నాను. సంతకం పెట్టిన పత్రం ఉంటే తప్ప నోరు విప్పకూడదని వివరించాను.

"అయితే ఆ పత్రం తీసుకురా, పెడతాను."

సరేనన్నాను.

ఫిబ్రవరి 7, గురువారం

పత్రం మరిచిపోయాను. పొద్దున రోడ్డు మీద మంచు తోసే బండి మా ఇంటి ముందు మంచు గుట్ట పోసి పోయింది. అది తీసేసరికే ఆలస్యమైంది.

ఫిబ్రవరి 11, సోమవారం

క్లాసులో జంటలుగా అభ్యాసం. కెర్స్టిన్ తాగుడు దాచిపెట్టే తల్లి, నేను సలహాదారుని. పది నిమిషాలు ఆమె అబద్ధాలు చెబుతూనే ఉంది, బాగా నటించింది. నేను ఎదురు చెప్పలేదు, తొందర పెట్టలేదు. చివరికి ఆమె తనంతట తనే, సీసాలు చలిమంట కట్టెల వెనక ఉన్నాయని ఒప్పుకుంది.

మిసెస్ లెహ్తో మనిషి నోట్లోంచి మాట ఎలా రప్పిస్తారో చూడండని బోల్యూ గారు అందరి ముందూ అన్నారు. సిగ్గేసింది. సంతోషం కూడా.

ఫిబ్రవరి 12, మంగళవారం

పత్రం మళ్ళీ మరిచిపోయాను. రాయిస్ నా చేతుల వైపు చూశాడు, అంతే.

ఫిబ్రవరి 14, గురువారం

కాపీ యంత్రంలో కాగితాలు లేవు.

అసలు సంగతి, తొందర ఎందుకని. వాడు మానేసి ఇంకా నెల కూడా కాలేదు. ఇప్పుడు పిల్లకి చెబితే ఆశపడుతుంది. వాడు మళ్ళీ జారితే? ఇంతకు ముందు రెండు సార్లు జారాడు. కాలవలో బండి లోంచి ఒక్కతే బయటికి వచ్చిన పిల్ల అది. సిద్ధంగా లేని మనిషిని ముందుకి నెట్టకూడదు, నాలుగో అధ్యాయం. పిల్ల సిద్ధంగా లేదు.

ఫిబ్రవరి 17, ఆదివారం

నిన్న సానాలో, ఆవిరి స్నానం గదిలో, ఆన్నీ ఉన్నట్టుండి అడిగింది. నాన్న చచ్చిపోయి ఉంటే మనకి తెలుస్తుందా అని.

రాళ్ళ మీద నీళ్ళు పోశాను. ఆవిరి లేచింది. తెలుస్తుంది అన్నాను. ఎవరు చెబుతారంది. పోలీసులు అన్నాను.

అయితే వాళ్ళు చెప్పలేదు కాబట్టి బతికే ఉన్నాడన్నమాట అంది. తల తుడుచుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే వీలు నాకు లేదు. ఏ చట్టం ప్రకారం చూసినా లేదు.

ఫిబ్రవరి 19, మంగళవారం

పత్రం సంగతి వాడు మళ్ళీ అడగలేదు. ఒక కవరు ఇచ్చాడు. మీద "ఆన్నీకి" అని ఉంది. సంతకాలు లేకుండా ఇది ఇవ్వవచ్చు కదా, ఎక్కడి నుంచి రాసిందీ ఇందులో పెట్టలేదన్నాడు.

సరైన సమయం చూసి ఇస్తానన్నాను. ఎప్పుడిచ్చినా నీ ఇష్టమే అక్కా, నువ్వు పెంచుతున్నావు అన్నాడు.

విప్పలేదు. వేరేవాళ్ళ ఉత్తరం విప్పే మనిషిని కాను. సానా తువ్వాళ్ళ సొరుగులో అడుగున పెట్టాను.

ఫిబ్రవరి 21, గురువారం

నాడీన్ పిలిచి కూర్చోమంది. తెలిసిపోయిందనుకున్నాను. తెలియలేదు. రాయిస్ గ్రూపులో నోరు విప్పడు, నర్సుతో మాట్లాడడు, మీతో ఒక్కళ్ళతోనే మాట్లాడుతున్నాడు, మీరేం చేస్తున్నారో అదే చెయ్యండి అంది. మొదటిసారి నవ్వింది కూడా.

చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. నాకు తెలుసు.

థాంక్స్ అని లేచాను.

ఫిబ్రవరి 26, మంగళవారం

ఆన్నీతో మాట్లాడాను. వివరాలు చెప్పకుండా, ఊరికే, మీ నాన్న దగ్గర నుంచి కబురు వస్తే ఏం చేస్తావన్నట్టు అడిగాను. ఇప్పుడొద్దు, సమయం కావాలంది. కాబట్టి ఉత్తరం సొరుగులోనే ఉంటుంది.

ఫిబ్రవరి 28, గురువారం

రాయిస్‌కి చెప్పాను. ఉత్తరం చూసిందనీ, ఇప్పుడే కలవలేనందనీ. చదివిందా అని అడిగాడు. చదివింది అన్నాను. మొత్తం చదివిందా అన్నాడు. అవునన్నాను.

తల ఊపాడు. న్యాయమేలే అన్నాడు. చేతిలో ఉన్న కాఫీ తాగకుండానే సింకులో పారబోసి, కప్పు కడిగి బోర్లించాడు.

మార్చి 5, మంగళవారం

వాడు గ్రూపుకి రాలేదు. తలనొప్పి అన్నాడట. భోజనానికీ రాలేదు. గది తలుపు దగ్గరికి వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పిలవలేదు.

వాయిదాకి ఇంకా తొమ్మిది రోజులు.

మార్చి 9, శనివారం

మొన్న జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు రాయాలి. ముందుగా ఒకటి: ఫిబ్రవరి 26న ఇందులో రాసింది అబద్ధం. ఆన్నీ అలా అనలేదు. నేను అసలు అడగలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను.

గురువారం. బుధవారమంతా మంచు కురిసింది, బడులకి గురువారం కూడా సెలవిచ్చారు. పొద్దున్నకి ఆకాశం తేటపడింది కానీ చలి ఫారన్‌హీట్‌లో సున్నాకి ఎనిమిది డిగ్రీలు కింద. నేను బర్చ్ పాయింట్ చేరేసరికి వాకిట్లో షెరీఫ్ బండి. ఉదయం ఏడున్నరకి పేర్లు పిలిస్తే రాయిస్ లేడు. వంటగది వెనక తలుపు నుంచి అడుగుల గుర్తులు రోడ్డు దాకా వెళ్ళాయి. తర్వాత మంచు తోసే బండి వాటిని చెరిపేసింది. కోటు వేసుకున్నాడు, కాళ్ళకి మాత్రం లోపల తిరిగే గుడ్డ బూట్లే. బయటి బూట్లు తాళం పెట్టిన గదిలో ఉంటాయి.

నాడీన్ అందరినీ అడుగుతోంది, ఎక్కడికి వెళ్ళి ఉంటాడని. స్నేహితులెవరని, ఏమన్నాడని. నన్ను రెండుసార్లు అడిగింది. మీతో మాట్లాడేవాడు కదా మార్లిస్, ఒక్క మాట, చిన్నదైనా సరే. ఈ చలిలో ఆ బూట్లతో రెండు గంటలు దాటితే మనిషి మిగలడు అంది.

వాడు చచ్చిపోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఈ ఆలోచన వచ్చింది. రాలేదని రాయను. ఒక్క క్షణమే, కానీ వచ్చింది.

"వాడు నా తమ్ముడు" అన్నాను.

నాడీన్ పెన్ను కింద పెట్టింది. ఎప్పటి నుంచి తెలుసంది. మొదటి రోజు నుంచి అన్నాను. మొహంలో ఏమీ కదలలేదు. ఎక్కడికి వెళ్తాడు, అది చెప్పండి ముందు, మిగతాది తర్వాత అంది. నాన్న చేపల గుడిసె ఉంది సరస్సు ఒడ్డున, అక్కడికి వెళ్ళవచ్చునన్నాను. షెరీఫ్ మనుషులు అటు వెళ్ళారు. నన్ను ఇంటికి వెళ్ళిపొమ్మంది. ఫోన్ దగ్గర ఉండమంది. బర్చ్ పాయింట్ నుంచి మా ఇల్లు ఏడు మైళ్ళు. దారి పొడుగునా రెండు పక్కలా మంచు గుట్టల్లోకి చూస్తూ నడిపాను.

మా ఇంటి మెట్ల మీద అడుగులున్నాయి. ఒకే జత, లోపలికి వెళ్ళినవి.

వంటగదిలో ఉన్నాడు. సగం దారి ఎవరో పాల లారీ అతను ఎక్కించుకున్నాడట, మిగతాది నడిచాడట. ఒంటికి దుప్పటి చుట్టి ఉంది, కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళ బేసినులో ఉన్నాయి. వేడి నీళ్ళు కావు, గోరువెచ్చటివి. ఎవరు నేర్పారో ఆ పిల్లకి. ఆన్నీ బల్లకి అవతల కూర్చుని ఉంది. వాడి ముందు గుడ్లు వేయించిన పళ్ళెం, తిని ఖాళీ చేసినది.

రాయిస్ ముందు మాట్లాడాడు. తాగలేదు, ఏమీ తీసుకోలేదు, దాని నోటితో ఒకసారి విని వెళ్ళిపోదామని వచ్చాను, వద్దంటే వద్దనే వింటానని అన్నాడు. కేంద్రానికి ఫోన్ చెయ్యి అక్కా, నేనే వెళ్తానన్నాడు.

ఆన్నీ వాడి వైపు చూడలేదు. నన్నే చూస్తోంది.

"అయిదు వారాల నుంచీ నాన్న అక్కడే ఉన్నాడట. నీకు తెలుసట."

"తెలుసు."

"నేను కలవనన్నానట. అత్తా, నేనెప్పుడన్నాను?"

"నువ్వు అనలేదు."

"నన్నెప్పుడు అడిగావు?"

"అడగలేదు."

గొంతు పెంచలేదు అది. పెంచితే బాగుండేది. ఉత్తరం ఎక్కడుందని అడిగింది. చెప్పాను. వెళ్ళి తువ్వాళ్ళన్నీ కింద పడేసి తెచ్చుకుంది. నిలబడే విప్పింది. ఒకే కాగితం. మొదట తనలో తను చదువుకుని, తర్వాత నా కోసం పైకి చదివింది. ఒక్కొక్క మాటా నాకు వినిపించాలని చదివింది.

నిన్ను తీసుకెళ్ళడానికి రాయడం లేదు, అని ఉంది అందులో. నువ్వు అత్త దగ్గరే ఉండాలి, నీకు అక్కడే మంచిది, ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా పెడతాను. ఆ రోజు కాలవలో నువ్వు తలుపు తీసుకుని వెళ్ళి సాయం తెచ్చావు, నీకు థాంక్స్ చెప్పలేదు. అది చెప్పాలని మాత్రమే. ఇష్టమైతే ఒకసారి చూడాలని ఉంది. ఇష్టం లేకపోయినా సరే.

అంతే. నేను ఇన్నాళ్ళూ భయపడింది అందులో లేదు. విప్పకపోవడం నా నిజాయితీ అనుకున్నాను.

రాయిస్ కాళ్ళు తుడుచుకున్నాడు. చలికి రెండు కాలి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. నేను నాడీన్‌కి ఫోన్ చేశాను. షెరీఫ్ మనుషులు వచ్చేలోగా ఆన్నీ బీరువాలోంచి పోయిన మా ఆయన పాత బూట్లు తెచ్చి వాడికి తొడిగింది. తాళ్ళు కట్టడానికి మోకాళ్ళ మీద కూర్చుంది. వాడు దాని తల మీద చెయ్యి పెట్టబోయి ఆగాడు. అది తలెత్తకుండానే, పెట్టుకో పర్లేదు అంది.

మార్చి 10, ఆదివారం

ఆన్నీ కెర్స్టిన్ వాళ్ళింటికి వెళ్ళింది. కెర్స్టిన్ చెల్లెలు దాని స్కీ జట్టులోది. స్కీలు, పుస్తకాలు, రెండు సంచుల బట్టలు. ఎన్నాళ్ళని అడిగాను. తెలీదంది.

మార్చి 11, సోమవారం

కాలేజీలో నాడీన్, బోల్యూ గారు, ఇంకెవరో ఒకావిడ. తేదీల వారీగా చెప్పమన్నారు. ఈ పుస్తకం సంచీలోనే ఉంది. తియ్యలేదు, తేదీలన్నీ నోటికి వచ్చు.

శిక్షణ రద్దు. ఈ సెమిస్టరు పోయింది. బర్చ్ పాయింట్ గేటు దాటి లోపలికి వెళ్ళకూడదు. జనవరిలో మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, జరిగినదంతా రాసి. తీసుకుంటారని హామీ లేదు.

బయట బోల్యూ గారు నా కోటు అందించారు. తమ్ముడని దాచడం నాకు అర్థమవుతుంది, మార్లిస్ గారూ అన్నారు. "ఆ పత్రం మూడుసార్లు మరిచిపోవడం ఉంది చూశారా, మీరు కూర్చుని చూడాల్సింది అది."

మార్చి 14, గురువారం

వాయిదా. రాయిస్ నిన్ననే మూడు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టాడట. కోర్టుకి, ఆన్నీకి, నాకు. నా పేరు కూడా రాశాడు.

తండ్రి ఆచూకీ తెలియదని దరఖాస్తులో డిసెంబరులో రాసినది అప్పుడు నిజమనీ, జనవరి 29 నుంచి కాదనీ జడ్జి గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు కాగితాలు చూశారు. శాశ్వత హక్కు జూన్‌కి వాయిదా వేశారు. అప్పటి దాకా తాత్కాలికంగా నాదే. పిల్లని విడిగా లోపల గదిలో అడిగారు. ఏమడిగారో, ఏం చెప్పిందో నాకు తెలియదు.

రాయిస్‌ని తిరిగి కేంద్రానికే పంపించారు. పారిపోయినందుకు తొంభై రోజులూ మళ్ళీ మొదటి నుంచి. నల్లబడిన కాలి వేళ్ళలో ఒకటి తీసేశారు.

మార్చి 19, మంగళవారం

ఒక్కదానికే వండుకోవడం రాదు నాకు.

మార్చి 26, మంగళవారం

కెర్స్టిన్ వచ్చి ఆన్నీ మందపాటి చేతి తొడుగులు తీసుకెళ్ళింది. బాగా తింటోందా అని అడిగాను. మా అమ్మ వంట మీకు తెలుసు కదా అంది. నవ్వబోయి, మీరెలా ఉన్నారు మిసెస్ లెహ్తో అని మెల్లగా అడిగింది. క్లాసులో నేర్చుకున్నట్టే అడిగింది, తల కాస్త పక్కకి వంచి. బాగాలేను అన్నాను. అంతకు మించి అడగలేదు, కూర్చుంది. అరగంట కూర్చుంది.

ఏప్రిల్ 1, సోమవారం

ఆన్నీ వచ్చింది. సాయంత్రం బడి బస్సు నేరుగా ఇక్కడే దింపింది. సంచులు గదిలో పెట్టుకుంది. వాళ్ళింట్లో స్నానానికి వరసలో నిలబడాలట, అందుకట. భోజనంలో రెండోసారి వడ్డించుకుంది.

ఏప్రిల్ 8, సోమవారం

పొద్దున్నే దాని గది తలుపు కొట్టి చెప్పాను. నువ్వు వెళ్ళిపోతావని భయపడ్డాను, చట్టం అడ్డం పెట్టుకున్నాను, నీ కోసం అని నాకు నేను చెప్పుకున్నాను, నీ కోసం కాదు. నిద్ర మొహంతో మంచం మీద కూర్చుని అంతా వింది.

"బస్సుకి ఆలస్యమవుతోంది" అంది.

ఏప్రిల్ 13, శనివారం

చూడ్డానికి వచ్చేవాళ్ళకి శనివారం రెండు నుంచి మూడున్నర దాకా సమయం. ఆన్నీని నేనే తీసుకెళ్ళాను. నిన్న రాత్రి భోజనం దగ్గర, రేపు నన్ను దింపుతావా అని ఉప్పు అడిగినట్టు అడిగింది.

నేను గేటు ఇవతలే బండి ఆపుకున్నాను. రోడ్డు పక్కన మంచు కరిగి బురదగా ఉంది. లోపలి నుంచి నాడీన్ వచ్చి ఆన్నీని తీసుకెళ్ళింది. నా వైపు చూసి తల ఆడించింది. అంత చాలు.

గంటన్నర. కాఫీ చల్లారిపోయింది. రేడియో పెట్టలేదు. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో ఊహించుకోకూడదని అనుకున్నాను, గంటన్నరా అదే చేశాను.

వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం ప్రశాంతంగానే ఉంది. నేను తాళం తిప్పలేదు. ఏదో చెప్పడానికి సర్దుకుంటోందని తెలుస్తోంది.

వచ్చే వారం నిన్ను కూడా తీసుకురమ్మన్నాడు నాన్న అంది. చూడ్డానికి వచ్చే మనిషిలాగా అయితే రావచ్చని నాడీన్ గారు ఒప్పుకున్నారట.

గేటు వైపు చూశాను.

"నేను వద్దన్నాను" అంది. "నాన్న కాదు, నేను. ఇంకెవరో చెబితే నీకు తెలియడం ఎందుకని నేనే చెబుతున్నా."

"చెప్పావు, మంచిది."

"కోపమొచ్చిందా?"

రాలేదు అనబోయాను. "వచ్చింది" అన్నాను. "ఏడుపు కూడా."

నా మొహంలోకి చూసింది, నిజమా కాదా అన్నట్టు. కిటికీ వైపు తిరిగి, వేలితో అద్దం మీద ఆవిరి తుడిచింది.

"మే నెలలో మళ్ళీ అడుగు" అంది.

"మీ నాన్ననా?"

"నన్ను."

అడుగుతానన్నాను. బండి తీశాను.